రాజుగారి చెవిలో నగారా

ఒకానొక రాజ్యంలో, అదీ సముద్రపొడ్డున, రణమల్లుడనే రాజుండేవాడు. ఊరి చుట్టూ ఉప్పుమళ్ళే. "సముద్రాన్ని ఏలేవాడు చప్పగా తింటాడా?" అని మీసం మెలేసేవాడు. పప్పులో ఉప్పు, మజ్జిగలో ఉప్పు, ఆఖరికి మామిడిపండు మీదా ఉప్పే! తగ్గించండి ప్రభూ అన్న పాపానికి ఆస్థాన వైద్యుణ్ణి పొలిమేర దాటించాడు మహానుభావుడు.

ఒకరోజు నిండు కొలువులో ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. "ఆ నగారా ఆపమనండి."

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఎక్కడా నగారా మోగడం లేదు.

మర్నాడూ అదే తంతు. కోటగుమ్మం మీది నగారా దింపించి తోలు చీరించాడు. అయినా ఆయన చెవిలో ధన్, ధన్, ధన్. తలుపులు మూయిస్తే ఇంకా గట్టిగా వినబడింది.

"మా నాన్నగారు కూడా పోయేముందు ఇదే చప్పుడు విన్నారు. విని విని, ఓ పూట విస్తరి ముందే ఒరిగిపోయారు" అన్నాడు గొంతు తగ్గించి.

ఆ భయమే రాజుకి కోపంగా మారింది. నగారా కొట్టే కాటయ్యే చేతబడి చేస్తున్నాడని తేల్చేశాడు. "వాణ్ణి గొలుసులతో కట్టండి. అమావాస్యకి తల తీయండి!"

విదూషకుడు పేరిభట్టు గుండెల్లో రాయి పడింది. కాటయ్య చీమకైనా అపకారం చెయ్యని మనిషి. ఏం చెయ్యాలిరా భగవంతుడా అనుకుంటూ రాజుకేసి చూశాడు. ఎర్రబడ్డ కళ్ళు, ఉబ్బిన పాదాలు. చెవిలో మోగే దెబ్బకు తగ్గట్టు రాజు సింహాసనం మీద వేలితో కొడుతున్నాడు. వేలు పడ్డప్పుడల్లా కణత మీది నరం ఎగురుతోంది. నగారా ఎక్కడుందో పేరిభట్టుకి తెలిసిపోయింది. కానీ చెబితే వైద్యుడి గతే!

"ప్రభూ, కాటయ్యకంత శక్తెక్కడిది? కొడుతున్నది తమ తండ్రిగారు. తమర్ని తోడు తీసుకెళ్ళడానికొచ్చారు."

రాజు సింహాసనాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "మరి దారేది?"

"తమరు ముందే పోయారనుకుంటే ఆయన వెనక్కెళ్ళిపోతారు. పోయినవాళ్ళకి పెట్టే పిండంలో ఉప్పెయ్యరు కదా! తమరూ చప్పిడి కూడే తినాలి. ఊరగాయ, అప్పడం, ఎండుచేప ఏదీ కూడదు. ఒక్క రవ్వ ఉప్పు తగిలినా బతికున్నారని పసిగట్టేస్తారు. చప్పుడు ఆగేదాకా కాటయ్యని బతకనివ్వండి. ఆగకపోతే వాడితోపాటు నా తలా తీయించండి."

ఆనాటి నుంచీ పనివాళ్ళు విస్తరి వేసి, పలకరించకుండా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవారు. పోయినవాళ్ళని ఎవరు పలకరిస్తారు? రాజు ఒక్కడే కూచుని చప్పిడి ముద్దలు మింగేవాడు.

కొన్నాళ్ళకి, "నగారా వీధి చివరికెళ్ళింది" అన్నాడు. ఇంకొన్నాళ్ళకి, "ఊరవతల మోగుతోంది." పేరిభట్టు రోజూ తన మెడ తడుముకుంటూ వినేవాడు.

ఒక ఉదయం రాజు చాలాసేపు చెవి ఒగ్గి, "లేదు" అన్నాడు.

కొలువుకి గంతులేస్తూ వచ్చాడు. పాదాల వాపు కూడా తగ్గిపోయింది. "దయ్యాన్ని గెలిచాను! తెండి ఉప్పుచేప!"

పేరిభట్టు చటుక్కున రాజు చెయ్యి పట్టుకుని, ఆయన వేలే ఆయన మణికట్టు మీద పెట్టాడు. ధన్, ధన్, మెత్తగా.

"అదే దెబ్బ!" అన్నాడు రాజు చెయ్యి లాక్కుంటూ.

"కొట్టింది తమ రక్తమే ప్రభూ. ఉప్పు ఎక్కువై పోటెత్తి చెవిదాకా మోగింది. తమ తండ్రిగారి ప్రాణం తీసిందీ ఈ పోటే. పాపం, వైద్యుడు మొత్తుకున్నదీ ఇదే."

రాజు కత్తి దూశాడు. "అంటే బతికుండగానే నాకు పిండాకూడు పెట్టావా!"

"పెట్టాను ప్రభూ. నేను పెట్టకపోతే ఈపాటికి యువరాజావారు పెట్టేవారు, నువ్వులూ నీళ్ళతో సహా."

రాజు మీసం ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆపైన పడీపడీ నవ్వాడు. మెడలోని హారం తీసి పేరిభట్టు మెడలో వేశాడు. కాటయ్య గొలుసులు తనే విప్పాడు. వైద్యుడికి పల్లకీ పంపించాడు.

అంతా అయ్యాక రాజు పేరిభట్టు చెవి దగ్గరికి వంగి, "మరి మజ్జిగలో ఓ చిటికెడు..." అన్నాడు ఆశగా.

"యువరాజావారిని పిలవమంటారా?" అన్నాడు పేరిభట్టు.