గవరయ్య ఇంట్లో కుట్టిన పాలబిళ్ళలు

తెలివంతా ఒక్క ఇంట్లోనే పోగుపడిపోతే మిగతా ఊరు ఎలా బతుకుతుందా అని గవరయ్యకి రోజూ బెంగ. ఆ ఇల్లు తనదే మరి. పెద్దకొడుకు సింహాచలం చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాడు. చిన్నకొడుకు పైడితల్లి చెప్పినదానికి వెంట్రుకవాసి అటూ ఇటూ పోడు. ఆ గుణం తన నుంచే వచ్చిందని గవరయ్య మీసం దువ్వుకుంటాడు. వాళ్ళని కని పెంచిన ఆవిడ పోయి ఆరేళ్ళయింది కాబట్టి కాదనే మనిషి లేదు.

ఆ ఇంట్లో తెలివి చాలనిది ఒక్క కోడలికే అని ఆయన నమ్మకం. సింహాచలం పెళ్ళాం నూకరత్నం బస్సు కండక్టరు. తెలివే ఉంటే చంటిపిల్లని ఇంట్లో పెట్టుకుని మళ్ళీ డ్యూటీకి పోతానంటుందా? ఆమె పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదన్న సంగతి ఉంది గానీ, గవరయ్య తెలివి అంత కిందికి దిగదు.

రేపు తెల్లవారుజామున మొదటి బస్సుకి ఆమె చేరాలి. చేరకపోతే మధ్యాహ్నానికి ఇంటికి తిప్పే ఆ దగ్గరి రూటు ఇంకొకరికి పోతుంది, ఈమెని రెండ్రోజులకోసారి తిరిగొచ్చే దూరపు బస్సెక్కిస్తారు. అప్పుడు పాపకి తల్లిపాలు కల్ల. చిక్కల్లా ఒకటే. పాపకి పట్టి మూడు గంటలు దాటితే పాలు కారి చొక్కా తడుస్తుంది.

"నిండు బస్సులో టికెట్లు కొడుతుంటే అందరి కళ్ళూ మరక మీదే ఉంటాయి మావయ్యా," అంది నూకరత్నం.

గవరయ్య రెండు చెవులూ మూసుకున్నాడు.

ఆవేళ ఆమె డిపో డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ కాగితం తెచ్చుకోవాలి. పాపని ఇంట్లోనే ఉంచి, వేళకి వచ్చి ఉగ్గుగిన్నెతో పాలు పట్టమని పక్కింటి బంగారమ్మకి చెప్పి, ఈ ముగ్గురికీ పని చెప్పింది. "ఎవరూ కట్టుకోని పాత పంచె ఒకటి చించండి. అరచేయంత గుండ్రంగా కోసి, మూడు పొరలు కలిపి కుట్టండి. పాలు పీల్చుకునే బిళ్ళలవి, ఉతుక్కుని మళ్ళీ మళ్ళీ వాడుకుంటాను. పైడితల్లీ, నువ్వు పాప లంగోటీలు ఉతికి ఎండలో ఆరెయ్యి. నీడ పడనివ్వకు."

"ఇంతేనా? దీనికి ఆడదే ఉండాలా?" అన్నాడు గవరయ్య.

ఆమె గుమ్మం దాటింది. అంతే, పని మొదలైంది.

ఎవరూ కట్టుకోని పంచె ఏది? పెట్టె తెరిచి చూశారు. ఒకటి పండక్కి గవరయ్య కడతాడు, ఒకటి పెళ్ళిళ్ళకి సింహాచలం కడతాడు. చిరుగుల పంచె ఒకటుంది గానీ దాన్ని జ్వరమొచ్చినప్పుడు పైడితల్లి కడతాడు. గవరయ్య బాగా ఆలోచించి ఒంటిమీదున్న పంచె విప్పేశాడు.

"చూడండ్రా. ఇప్పుడు దీన్ని ఎవరు కట్టుకున్నారు?"

"ఎవరూ కట్టుకోలేదు నాన్నా."

"మరి చించు."

ఇంకేముంది, చించేశారు. గవరయ్య తువ్వాలు చుట్టుకున్నాడు.

అరచేయంత అంది కదా, ఎవరి అరచేయి? సింహాచలం తన చెయ్యి పెట్టబోతే గవరయ్య ఆపాడు. "ఆ పాలు ఎవరివిరా? పాపవి. మధ్యలో నీ చెయ్యేటి?" పాప గుప్పిట విప్పి గుడ్డ మీద పెట్టి గీత గీశారు. సాయంత్రానికి నలభై బిళ్ళలు తయారయ్యాయి, ఒక్కోటి చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది.

ఈలోగా పైడితల్లి లంగోటీలు ఆరేశాడు. మధ్యాహ్నం దాటగానే గోడ నీడ వాటి మీదికి రాబోయింది. వదిన వద్దంది కదా. అన్నీ తీసి భుజాల మీద, తల మీద పరుచుకుని ఎండలోకి జరిగాడు. నీడ కూడా జరిగింది. వీధి దాటాడు, పొలాలు దాటాడు, పడమట పక్కూరి పొలిమేర దాటాడు.

ఇంట్లో పాప తడిపింది. మార్చడానికి లంగోటీ లేదు. గవరయ్య తువ్వాలు పాపకి చుట్టి, తను గోనెసంచిలోకి దిగాడు.

నూకరత్నం వచ్చేసరికి మావగారు సంచిలో ఉన్నాడు, మొగుడు పళ్ళెంలో గుండీలంతేసి బిళ్ళలు పెట్టుకుని నవ్వుతున్నాడు. దీపాలవేళకి పైడితల్లి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు.

"సూర్యుడు కొండ దాటేశాడు వదినా. నేను దాటలేకపోయాను."

ఆమె తిట్టలేదు. తిడితే ఆ తిట్టు కూడా ఉన్నదున్నట్టు చేసేస్తారని భయం. తన నూలుచీర ఒకటి చించి, గంటలో నాలుగు బిళ్ళలు కుట్టుకుంది. "పాపకి పాలిచ్చి పడుకుంటాను. వీటిలో రెండు నా ఖాకీ చొక్కా లోపలివైపు పెట్టి ఉంచండి. జారిపోకుండా చూడండి, చాలు," అంది.

"జారకూడదంటే కుట్టాలి," అన్నాడు గవరయ్య.

"ఎక్కడ కుట్టమంటావు నాన్నా?" అడిగాడు సింహాచలం కుట్టుమిషను ముందు కూర్చుని.

గవరయ్య సిగ్గుతో గోడకేసి తిరిగాడు. "ముందువైపు ముట్టుకోకు. తప్పు. వీపు వైపు పెట్టు."

ఎనిమిదేసి వరసలు కుట్టాడు.

తెల్లవారుజామున నూకరత్నం చొక్కా తిప్పి చూసింది. "పాలు వీపులోంచి వస్తాయా మావయ్యా?"

"మగాళ్ళ ముందు ఆ మాటలేటమ్మా?"

"ఆ పాలు తాగే ఇంత మీసం వచ్చింది నీకు."

ఊరి చివర బస్సు హారన్ కొట్టింది. విప్పే టైము లేదు. ఆమె చొక్కాని వెనకది ముందుకి తిప్పి తొడుక్కుంది. బిళ్ళలు ఉండాల్సిన చోటికి వచ్చాయి.

"ఏమయ్యా, వెనక గుండీలు పెట్టు," అంది మొగుడితో. వాడు వరసగా పెట్టాడు. టికెట్ల సంచి తగిలించుకుని, ముగ్గురూ ఇంకో మాట అనేలోగా రోడ్డెక్కింది.

గవరయ్య అరుగు మీదికొచ్చి చూశాడు. మసక వెలుతురులో ఖాకీ చొక్కా, దాని గుండీలు ఇటే కనబడుతున్నాయి.

"ఒరే, కోడలు వెనక్కొచ్చేస్తోంది. డ్యూటీ మానేసినట్టుంది. నేను చెప్పలేదూ? టీకి నీళ్ళు పెట్టండి."

"మొహం కనబడదేం నాన్నా?" అన్నాడు సింహాచలం.

"జుట్టు మీద పడిందిరా. దువ్వుకునే తీరిక ఏదీ."

పైడితల్లి కళ్ళు చిట్లించాడు. "వస్తోంది గానీ నాన్నా, అడుగడుక్కీ చిన్నదైపోతోంది."

గవరయ్య చూశాడు. నిజమే. జానెడైంది, బెత్తెడైంది, బస్సు దగ్గరికి వచ్చేసరికి వేలెడైంది.

ఆయన గుండె కరిగిపోయింది.

"పాలిచ్చే తల్లి కదరా," అన్నాడు, "చిక్కిపోతుంది మరి."