కబుర్ల షున్, పడమటి కొంగ

చెప్పే నోరూ వినే చెవీ ఉన్నంత కాలం ఉండే కథ ఇది. కాస్త దగ్గరికి జరగండి.

ఎప్పటిదో తెలీదు. చీనా దేశాన్ని ఒక రాజు ఏలుతున్నాడు. ఆ రాజు పేరు మరుపున పడింది. ఆ రాజు కోట మన్నులో కలిసింది. ఆ రాజు గుర్రాలు రేపిన దుమ్ము ఎప్పుడో అణిగిపోయింది. కానీ ఆ రాజ్యంలో ఒక మూల, మడుగుల సీమలో, జన్మంతా కాలినడకన తిరిగిన ఒక పేదవాడి పేరు మాత్రం జనం నోట మిగిలింది. అతని పేరు షున్.

ఆ సీమలో ఎటు చూసినా రెల్లు. రెల్లు నడుమ నీళ్ళు. నీళ్ళ నడుమ దిబ్బలు. దిబ్బకో ఊరు. ఊరికీ ఊరికీ మధ్య సన్నటి మట్టిగట్లు. చలికాలం రాగానే ఉత్తరాన్నించి కొంగలు వచ్చి అక్కడ దిగేవి. మన చెరువుల్లో చేపల కోసం ఒంటికాలి మీద కాచుకునే కొంగలు కావు. ఇవి మనిషి భుజమంత ఎత్తు. ఒళ్ళంతా తెలుపు, నెత్తిన కుంకుమ బొట్టంత ఎరుపు. వెయ్యేళ్ళు బతుకుతాయనీ, సిద్ధపురుషులు వాటి మీదెక్కి ఆకాశంలో తిరుగుతారనీ అక్కడి వాళ్ళ నమ్మకం. పెద్ద పెద్ద మంత్రుల అంగీల మీద, సరిగ్గా గుండె దగ్గర, ఆ కొంగ బొమ్మే కుట్టేవారు.

ఆ దేశంలో చావుకి కూడా అంతస్తులుండేవి. చక్రవర్తి పోతే "కొండ ఒరిగింది" అనాలి. సన్యాసి పోతే "నిండిపోయాడు" అనాలి. పెద్ద ఉద్యోగి పోతే "కొంగనెక్కి పడమరకు వెళ్ళారు" అనాలి. మరి పేదవాడు పోతే? పేదవాడు చచ్చాడు. అంతే. వాడికి ఉన్నది ఆ ఒక్క మాటే. అదీ ఎవరూ నోట పలకని మాట. పలికితే ఎక్కడ తమ గడప తొక్కుతుందోనని భయం. శవపేటికను "ఆయుష్షు చెక్క" అనేవాళ్ళు. శవానికి తొడిగేవాటిని "ఆయుష్షు బట్టలు" అనేవాళ్ళు. ఆ మాట మాత్రం అనేవాళ్ళు కారు.

ఎవరూ అనని ఆ మాట అనడమే షున్ పని.

ఏ దిబ్బ మీద ఎవరు పోయినా, వాళ్ళ చుట్టాలకి కబురు మోసేది అతనే. చేతికి తెల్లగుడ్డ పీలిక కట్టుకుని గట్టెంబడి బయల్దేరేవాడు. తలుపు తట్టేవాడు. "మీ అన్న చచ్చిపోయాడు" అనేవాడు. వెనక్కి తిరిగేవాడు. అలాగే చెయ్యమని అతని తండ్రి నేర్పాడు, తండ్రికి తాత నేర్పాడు.

దాంతో ఆ పీలిక కనబడితే చాలు, ఊళ్ళు మూసుకుపోయేవి. ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. ముసలివాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు. పెళ్ళివారైతే అతను ఎదురొస్తున్నాడని ఊరేగింపుని ఇంకో గట్టు మీదికి మళ్ళించేవాళ్ళు. అందరికీ కావలసిన మనిషే, ఎవరికీ అక్కర్లేని మనిషి.

అతని భార్య లియెన్ రెల్లుచాపలు అల్లేది. షున్ ఇంటికొచ్చి గమ్మున కూచుంటే అడిగేది.

"ఏమయ్యా, ఇవాళ ఎవరైనా పలకరించారా?"

"కుక్క పలకరించింది."

"ఏమంది?"

"పొమ్మంది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు కాసేపే ఉండేది.

ఆ సీమ మొత్తం మీద షున్‌ని చూసి తలుపు వెయ్యని ఇల్లు ఒకటుంది. బాతులు కాసుకునే గావ్ అవ్వ ఇల్లు. "రా నాయనా, కాళ్ళు పీక్కుపోతున్నట్టున్నాయి, కూచో" అని మంచినీళ్ళిచ్చేది. "నన్ను చూస్తే భయం లేదా అవ్వా?" అంటే, "నాకున్నది ఒక్కడే కొడుకు. వాడు ఇనపగుండులా ఉన్నాడు. నువ్వేం తేగలవు?" అని పకపకా నవ్వేది.

ఆ కొడుకు పేరు వెన్. ఒక చలికాలం చివర వెన్ అవతలి దిబ్బకి రెల్లు కొయ్యడానికి వెళ్ళాడు. పడవ తిరగబడింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇనపగుండులాంటి మనిషి ఇనపగుండులాగే మునిగిపోయాడు.

షున్ పీలిక కట్టుకున్నాడు. ఆ రోజు గట్టు పొడుగ్గా ఉంటే బాగుండుననుకున్నాడు. అది ఎప్పుడూ ఉన్నంతే ఉంది.

గావ్ అవ్వ వాకిట్లో బాతులకి తవుడు కలుపుతోంది. అతన్ని చూసి చెయ్యి కడుక్కుంది. "రా నాయనా, కూచో" అంది. నీళ్ళిచ్చింది. షున్ కూచున్నాడు. తాగాడు. చెబుదామని నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు, రాలేదు. ఇంకోసారి తెరిచాడు, ఊపిరే వచ్చింది.

అవ్వ అతని మొహం చూసింది. చేతి పీలిక చూసింది. కూచోకుండా అలాగే నిలబడింది.

అదే వేళకి మడుగులోంచి కొంగలు లేచాయి. చలి తగ్గిపోతోంది కదా, వెళ్ళిపోయే కాలం. మందలన్నీ లేచి, దిబ్బ మీద ఒక చుట్టు చుట్టి, సాగిపోయాయి. వాటికేసి చూస్తూ షున్ అన్నాడు.

"అవ్వా, పొద్దున కొంగ వచ్చింది. మన వెన్‌ని వీపు మీద కూచోబెట్టుకుని పడమరకు తీసుకెళ్ళింది."

అవ్వ ఆ కొంగలు కనుమరుగయ్యేదాకా చూసింది. బాతులు తవుడు కోసం అరుస్తున్నాయి. చివరికి అడిగింది.

"వాడికి చిన్నప్పట్నించీ ఎత్తంటే భయం నాయనా. గట్టిగా పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడవ్వా. మెడ చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు."

"అయితే పడడు" అంది అవ్వ. అప్పుడు కూలబడి, గుండెలు బాదుకుని ఏడ్చింది. షున్ వెనక్కి తిరిగి వెళ్ళలేదు. బాతులకి తవుడు పెట్టాడు. పొయ్యి రాజేశాడు. పక్కింటివాళ్ళు వచ్చేదాకా ఆమె దగ్గరే కూచున్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే లియెన్ అల్లిక ఆపింది.

"అబద్ధం చెప్పావా?"

"ఏమోనే. అది అబద్ధమైతే, మన దిబ్బలేలే హాన్ దొర వాళ్ళ నాన్న కొంగనెక్కాడన్నదీ అబద్ధమే కదా. ఆయనా జ్వరంతో మంచంలోనే పోయాడు."

ఆ రోజునుంచి షున్ ఆ పాత మాట అనడం మానేశాడు. తలుపు తట్టేవాడు. కూచునేవాడు. ఊపిరి తీసుకునేవాడు. అప్పుడు చెప్పేవాడు. కుమ్మరి పోతే, "మట్టిచేతులతోనే ఎక్కాడమ్మా, కొంగ రెక్కలన్నీ బురద చేశాడు" అనేవాడు. నూరేళ్ళ ముదుసలి పోతే, "కొంగ వంగి కూచుంది, ఆయనకి మోకాళ్ళు నొప్పి కదా" అనేవాడు. పసిబిడ్డ పోతే, "వీపు మీద కాదు తల్లీ, రెక్క కింద దాచుకుంది" అనేవాడు. వినేవాళ్ళు ఏడ్చేవాళ్ళే. కానీ ఏడుపులో ఎక్కడో చిన్నగా తలాడించేవాళ్ళు, అవును, మా వాడు అలాంటివాడే అన్నట్టు.

మెల్లగా తలుపులు తెరుచుకున్నాయి. పీలిక లేని రోజుల్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఒకసారి ఎవరో పెళ్ళికి కూడా పిలిచారు. షున్, లియెన్ ఏం కట్టుకు వెళ్ళాలో తెలీక పొద్దంతా వెతుక్కున్నారు.

ఈ సంగతి హాన్ దొర చెవిన పడింది. ఆ దిబ్బలన్నీ ఆయన ఏలుబడిలోవే. ఆయన తండ్రి కొంగబొమ్మ అంగీ తొడుక్కున్న ఉద్యోగి. షున్‌ని పిలిపించాడు.

"ఏరా, మా నాన్నగారు కొంగనెక్కి వెళ్ళారని రాతి మీద చెక్కించాం. బాతులు కాసేదాని కొడుకూ అదే కొంగనెక్కాడా?"

"అదే కొంగో కాదో తెలీదు దొరా. కొంగలు చాలా ఉన్నాయి."

"నోర్ముయ్యి! మంత్రుల మాట కూలీలకి అంటగడతావా? ఇకనుంచి ఉన్న మాట ఉన్నట్టు చెప్పు."

షున్ తల వంచుకున్నాడు. "ఆ పాత మాట నా నోట రావడం లేదు దొరా. ప్రయత్నించాను. రావడం లేదు."

"రాకపోతే పని మానెయ్."

షున్ పీలిక విప్పి అక్కడ పెట్టి వచ్చేశాడు.

దొర ఇంకొకణ్ణి పెట్టాడు. వాడిది పెద్ద గొంతు. దిగి నడవడం ఎందుకని పడవలోంచే అరిచేవాడు. "ఓ ఇంటివాళ్ళూ! మీ తమ్ముడు చచ్చాడు!" అరిచి పడవ తిప్పేవాడు. ఒక ఇల్లాలు ఆ అరుపు విని పొయ్యి మీది గంజి అలాగే వదిలేసి నీళ్ళ ఒడ్డుకి పరిగెత్తింది. పడవ లేదు, మనిషి లేడు. గంజి మాడిన వాసన ఆ ఊళ్ళో సాయంత్రం దాకా పోలేదు. తలుపులు మళ్ళీ మూసుకున్నాయి. షున్ ఇంటి దగ్గర రెల్లు చీలుస్తూ, లియెన్‌కి అందిస్తూ కాలం గడిపాడు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ పెద్ద గొంతువాడే షున్ గుడిసెకి వచ్చాడు. మాట పైకి రావడం లేదు.

"షున్ మావా, దొర కూతురమ్మ... అత్తవారింట్లో... కాన్పులో..."

"రుయి అమ్మగారా?"

"దొరకి ఏ మాట చెప్పను? ఆమెకి ఉద్యోగం లేదు, కొంగ అనకూడదు. ఆ ఇంకో మాట అన్నానంటే నా తల ఉండదు."

షున్ లేచాడు. లియెన్ చెయ్యి పట్టుకుంది. "నీకేం పనయ్యా? వద్దన్నవాడి దగ్గరికి ఎందుకు పోతావు?"

"వద్దన్నవాడు దొర. ఇప్పుడు ఇంట్లో ఉన్నది తండ్రి" అన్నాడు షున్. తెల్లగుడ్డ చించి కట్టుకున్నాడు.

హాన్ దొర వాకిట్లో ఎండలో కూచుని ఉన్నాడు. ప్రహరీ గుమ్మంలో షున్‌ని చూశాడు. తిట్టడానికి నోరు తెరిచాడు. పీలిక చూశాడు. నోరు అలాగే ఉండిపోయింది. తన ఇంటివాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. ఇక్కడ లేనిది కూతురొక్కతే.

షున్ నేల మీద కూచున్నాడు. ఊపిరి తీసుకున్నాడు.

"ఆగు" అన్నాడు దొర. "ఆ మాట... ఆ మాట అనకయ్యా."

"అనను దొరా."

దొర కుర్చీ దిగి అతని ఎదురుగా నేల మీద కూచున్నాడు. పిల్లాడు అడిగినట్టు అడిగాడు. "కొంగ వచ్చిందా?"

"వచ్చింది. పొద్దు పొడుస్తుండగా వచ్చింది."

"బిడ్డ?"

"బిడ్డని ఎక్కించుకోలేదు దొరా. బిడ్డ భూమ్మీదే ఉంది. మీకు మనవరాలు. ఆకలేసి ఊరంతా వినబడేలా ఏడుస్తోందట. మీరు వెళ్ళి ఎత్తుకోవాలి."

దొర మొహాన్ని చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత లేచాడు. పల్లకీ కోసం ఆగలేదు. గట్టు మీద నడుస్తూ వెళ్ళాడు, షున్ వెనకాలే. మర్నాటినుంచి మడుగుల సీమలో ఎవరు ఏ మాట అనాలో శాసించేవాళ్ళు లేరు.

షున్ ముసలివాడయ్యేదాకా కబుర్లు మోశాడు. గావ్ అవ్వ పోయినప్పుడు కబురు చెప్పడానికి ఆమె తరఫున ఎవరూ లేరు. అయినా షున్ పీలిక కట్టుకు వెళ్ళి, వాకిట్లో కూచుని, ఆమె బాతులకి చెప్పాడు.

ఒక వసంతకాలం ఉదయం షున్ గట్టు మీద కాస్త అలుపు తీర్చుకుందామని చతికిలబడ్డాడు. ఎండ హాయిగా ఉంది. మళ్ళీ లేవలేదు.

రెల్లు కోసేవాళ్ళు చూశారు. ఊళ్ళన్నిటికీ తెలిసింది. కానీ లియెన్‌కి చెప్పేదెవరు? కబురు చెప్పే మనిషే పోయాడు. అందరూ కలిసి బయల్దేరారు. ఆమె వాకిట్లో నిలబడ్డారు. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పు అని ఒకళ్ళనొకళ్ళు ముందుకి తోసుకున్నారు.

లియెన్ చాప మీదినుంచి తలెత్తింది. అందర్నీ చూసింది. అల్లిక పక్కన పెట్టింది.

"ముందు కూచోండి" అంది. కూచున్నారు. "ఊపిరి తీసుకోండి." తీసుకున్నారు.

అప్పుడు ఆమే చెప్పింది. "మా ముసలాయన కొంగనెక్కి పడమరకు వెళ్ళాడు. అంతేగా?"

వాకిలంతా ఒక్కసారిగా ఏడ్చింది. లియెన్ కళ్ళు తుడుచుకుంటూ అంది. "పోనీలే. జన్మంతా నడిచాడు. ఇవాళైనా ఎక్కి వెళ్ళాడు."

హాన్ దొర అప్పటికి చాలా పెద్దవాడు. మనవరాలి భుజం పట్టుకుని వచ్చాడు. సమాధికి రాయి వేయిస్తానన్నాడు, దాని మీద కొంగని చెక్కిస్తానన్నాడు.

"రాయి వద్దు దొరా" అంది లియెన్. "గట్ల మీద కూచోడానికి ఒక్క చోటు లేదు. ఎలా చెప్పాలా, ఎలా చెప్పాలా అని ఆలోచించుకుంటూ నడిచీ నడిచీ ఆయన కాళ్ళు పుండ్లయ్యాయి. అక్కడక్కడా అరుగులు కట్టించండి."

కట్టించాడు.

ఇప్పటికీ ఆ మడుగుల సీమలో దొర పోయినా, దొర పాలేరు పోయినా అనే మాట ఒక్కటే: కొంగనెక్కి పడమరకు వెళ్ళారు. చేతికి తెల్ల పీలిక కట్టుకున్న మనిషి గట్టు మీద అరుగున కనిపిస్తే, దారినపోయేవాళ్ళు ఎవరని అడగరు. మోసుకెళ్ళే బరువు దించి, పక్కన కాసేపు కూచుంటారు. లేచేటప్పుడు ఒక్క మాట చెప్పి వెళ్తారు.

"నిదానంగా వెళ్ళు నాయనా. వాళ్ళింకా అన్నం తింటూ ఉండుంటారు, తిననీ."