వెనక్కి తిరిగిన పడవ

అనగనగా, గుర్రాలూ ఎద్దులూ పడవలూ నోరు విప్పి మాట్లాడే రోజుల్లో, ఒక ఏటి దేశంలో గవరమ్మ అనే మంత్రసాని ఉండేది. ఊళ్లో సగం మంది ఆవిడ చేతుల మీదుగానే భూమ్మీద పడ్డారు.

ఆవిడ కూతురు నూకాలు ఏటి నడుమ లంకలో కాపురం ఉండేది. తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకుందామని గవరమ్మ మంచిరోజు చూసుకుంటూ ఉండగానే, నొప్పులు ముందే మొదలయ్యాయని పొద్దున్నే కబురొచ్చింది. లంకలో మంత్రసాని లేదు. పొద్దు గూకితే పడవ లేదు.

గవరమ్మ మూట చంకన పెట్టుకుని పరుగెత్తింది. ఉన్న ఒక్క జట్కా కిక్కిరిసి ఉంది. గాజులమ్మే సెట్టి ఒకాయన ఆవిడ ముఖం చూసి, పక్కనున్న గాజుల మలారం ఒళ్లోకి తీసుకుని కాస్త చోటిచ్చాడు.

నా అంత జోరుగా పరుగెత్తేది ఈ రాజ్యంలోనే లేదని గుర్రం దారి పొడుగునా గొప్పలు పోయింది. గొప్పలకేం గానీ, పరుగు మాత్రం నిజమే. గవరమ్మ నడుం విరిగినంత పనైంది, పొద్దు మాత్రం కలిసొచ్చింది. రాళ్ల బాట చివర గుర్రం ఠక్కున ఆగిపోయింది. ముందంతా మోకాటిలోతు బురద.

అక్కడ సంత నుంచి మళ్లిన ఒంటెద్దు బండి దొరికింది. అందులో కాళ్లు చాపుకుని పడుకున్న ముసలమ్మ లేచి, ముడుచుకుని కూర్చుని జాగా చేసింది. బండిది నత్తనడక. గవరమ్మ ప్రాణం ఉసూరుమంది. కాస్త తొందరగా నడవమని ఎద్దును బతిమాలింది.

"నేను పరుగెత్తలేను తల్లీ. కానీ మధ్యలో ఆగను," అంది ఎద్దు. అన్నట్టే ఆగలేదు.

రేవు చేరేసరికి పొద్దు వాలింది. ఆఖరి పడవ అప్పుడే ఒడ్డు వదిలింది. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి గెడకర్ర వేశాక పడవ వెనక్కి తిప్పకూడదని ఆ రేవు కట్టుబాటు. తాతల నాటి నుంచి ఎవరూ దాన్ని తప్పలేదు. గవరమ్మ ఒడ్డున నిలబడి, చేతులు జోడించి, తన బిడ్డ సంగతి గొంతెత్తి చెప్పింది.

పడవ నడిపే గంటయ్య చేతిలో గెడ ఆగింది. కీడు జరిగితే అందరికీ కదా అని పడవలో వాళ్ల వంక చూశాడు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ అంది:

"వెనక్కి తిప్పు మావా. కొబ్బరికాయ కొట్టింది గంగమ్మకే కదా. ఆవిడా తల్లే."

మిగతావాళ్లూ తలలూపారు. పడవ తిరిగింది.

దీపాలు పెట్టే వేళకు నూకాలు ఆడపిల్లను కన్నది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. గవరమ్మ చెయ్యి పడబట్టి తల్లీ పిల్లా దక్కారు.

పురిటిస్నానం అయ్యాక గవరమ్మ ఏరు దాటి రేవుకు వచ్చింది. బురద ఆరిపోవడంతో ఎద్దుబండితో పాటు జట్కా కూడా అక్కడి దాకా వచ్చి ఉంది. ఇంకేముంది, గుర్రానికీ ఎద్దుకీ పడవకీ వాదన. తమలో ఎవరు గొప్పో చెప్పాల్సిందేనని ఆవిడను పట్టుకున్నాయి.

గవరమ్మ గుర్రానికీ ఎద్దుకీ బెల్లం తినిపించింది. పడవ ముక్కుకు కుంకుమ పెట్టింది.

"ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా నా బిడ్డ నాకు లేదు. ముగ్గురికీ దణ్ణం. కానీ మలారం ఒళ్లో పెట్టుకున్న సెట్టి, కాళ్లు ముడుచుకున్న ముసలమ్మ, పడవ తిప్పమన్న ఆ తల్లి, వీళ్ల పేర్లయినా నాకు తెలీవు. వాళ్లు కాదంటే మీరు నన్ను ఎక్కించుకోగలిగేవాళ్లా?"

గుర్రం తల దించుకుంది. ఎద్దు నెమరేస్తూ, "నిజమే. లాగడం మా వల్ల అవుతుంది, జరిగి చోటివ్వడం మనుషుల వల్లే అవుతుంది," అంది.

అప్పటినుంచి ఆ రేవులో కొబ్బరికాయ కొట్టే ముందు, ఇంకెవరైనా రావాలా అని ఒడ్డు వైపు మూడు కేకలు వేయడం కొత్త కట్టుబాటైంది.

కాబట్టి పిల్లలూ, ఎక్కిన బండి ఏదైనా మనల్ని గమ్యం చేర్చేది పక్కవాళ్లు జరిగి ఇచ్చిన చోటే. ఆ మేలు మరవనివాడు తన పక్కన ఇంకొకరికి చోటిస్తాడు.