నక్క పులియబెట్టిన ఇప్పపూలు

అడవి అంచున ఒక పొలం. అక్కడి కోళ్లకు కర్రిగాడనే కుక్క కాపలా. వాడు మేలుకుని ఉన్నన్నాళ్లూ నక్కకు కోడి వాసన తప్ప కోడి దక్కలేదు.

నక్క ఊరుకునే రకమా? తుప్పల వెనక రాతిగుంటలో ఇప్పపూలు నానబెట్టి పులియనిచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం ఎండుటాకులు గలగలలాడించి కర్రిగాణ్ణి పిలిచింది.

"ఒక్క గుటక తాగి చూడు బావా. అనుమానమైతే ముందు నేనే తాగుతా."

తాగింది. కర్రిగాడూ తాగాడు, ఒళ్లు తేలిపోయింది. ఇక రోజూ అదే వేళ, అదే వరస. ముందు గుటక నక్కది, మిగతాదంతా వాడిది. వాడు మత్తులో పడుకుంటే నక్క కోళ్లగూటికి పోయేది.

నెల తిరిగేసరికి ఆ రుచీ లేదు, ఆ హాయీ లేదు. అయినా ఆకులు గలగలమంటే వాడికి నోరూరేది.

"నా చెల్లెళ్లిద్దరూ పోయారు కర్రీ," అంది చుక్కల పెట్ట.

"సిగ్గుగా ఉందత్తా. మానేద్దామనే అనుకుంటా. ఆ చప్పుడు వింటే నన్నడక్కుండానే కాళ్లు పోతున్నాయి."

పక్కనే నెమరేస్తున్న ముసలి ఎద్దు సోమయ్య తలెత్తాడు. "గానుగ మూతబడ్డాక కూడా మూడు నెలలు గుండ్రంగానే తిరిగానురా నేను. బుర్రలో గాడి పడిపోయింది. తిట్టుకుంటే అది పూడదు. ఆకుల చప్పుడైతే నా దగ్గరికి రా, వాగు దాకా నడుద్దాం."

"రాలేకపోతే, పెద్దయ్యా?"

"మర్నాడు రా."

మొదటిరోజు కర్రిగాడు వెనక్కి చూస్తూ చూస్తూ నడిచాడు. నాలుగోరోజు తప్పించుకుని తుప్పల్లోకి పోయాడు. సోమయ్య తిట్టకుండా మర్నాడు మళ్లీ నడిపించాడు. కోళ్లూ వెనకే వరసకట్టేవి. మరో నెలకు, ఆకులు గలగలమంటే వాడి కాళ్లు వాగువైపే తిరిగాయి.

ఒకరోజు చుక్కల పెట్ట గుడ్లు పొదుగుతూ వాగుకు రాలేదు. సగం దారిలో ఆ సంగతి తెలిసి కర్రిగాడు వెనక్కి పరిగెత్తాడు. పెట్ట గుడ్ల మీద నిమ్మళంగా కూర్చునుంది.

"నక్క రాలేదా అత్తా?"

"గూటి గుమ్మం దాకా వచ్చింది. నడినెత్తిన ఎండ చూసింది, తుప్పలవైపు పోయింది."

వెళ్లి చూస్తే నక్క రాతిగుంట అడుగు నాకుతోంది.

"నోటిదాకా వచ్చిన కోడిని వదిలేశావేం?" అన్నాడు కర్రిగాడు.

"నేనెక్కడ వదిలాను బావా," అంది నక్క నీరసంగా. "కాళ్లే ఇటొచ్చాయి."

వాడికి ఆ మాట బాగా తెలుసు. నవ్వలేదు. తిరిగొచ్చి గూటి ముందు హాయిగా కాళ్లు చాపుకున్నాడు.

నీతి: అలవాటు వేసిన దారి, దాన్ని వేసినవాణ్ణి కూడా లాక్కుపోతుంది.