గున్నమ్మ ఒలిచిన రొయ్యలు

దక్షిణాన, మంచు కరగని సముద్రం నడుమ ఒక రాతి దీవి ఉంది. అక్కడ చెట్టూ లేదు, చేమా లేదు. అయినా పెంగ్విన్లు, సీళ్ళు, స్కువా అనే దోపిడీ పక్షులు బతుకుతుండేవి.

పెంగ్విన్లలో గున్నమ్మకు తన బిడ్డంటే ప్రాణం. తనంత తెలివైన తల్లి లేదని గర్వం కూడా. రోజూ సముద్రంలో చిట్టి రొయ్యలు మింగి, కడుపులో దాచుకొచ్చి బిడ్డ నోట్లో పెట్టేది.

ఒకనాడు స్కువా ఆమె గూటి పక్కన వాలింది.

"గున్నమ్మా, రొయ్య పెంకులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది ఎముకలు పాడుచేస్తుందట. తెలివైనదానివి, తెలిసి తెలిసి బిడ్డకు పెడతావా?" అంది.

పొగడ్తకు గున్నమ్మ ఉబ్బిపోయింది. ఆ రోజు నుంచి రొయ్యలను ముక్కున కరిచి గట్టుకు తెచ్చి, ఒక్కొక్కటే ఒలవసాగింది. పొద్దంతా ఒలిచినా బిడ్డకు రెండు ముద్దలు కాలేదు. నాలుగు రోజులకు బిడ్డ లేవలేకపోయింది. స్కువా రోజూ వచ్చి, అది ఎంత నీరసించిందో చూసి పోయేది.

పక్క గూటి ముసలి పెంగ్విన్ రాళ్ళవ్వ చూసి చూసి లేచి వచ్చింది.

"ఏమే, పిల్ల కడుపు మాడుస్తున్నావేం?"

"పెంకులో ఫ్లోరైడ్ ఉందట అవ్వా."

"ఉంది. తాతలనాటి నుంచీ తింటున్నాం. చాలావరకు ఒంటికి పట్టకుండానే రెట్టలో పోతుంది. పట్టినదాంట్లో కొంత ఎముక దాచుకుంటుంది, మిగతాది మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి. నువ్వు ఒలుస్తూ కూర్చుంటే, చచ్చిన రొయ్య పెంకులోది దాని కండలోకి దిగుతుంది. ఇంతకీ నీకు చెప్పిందెవరు?"

"స్కువా."

"మన పిల్లల్ని పీక్కుతినేదానికి వాటి ఎముకల మీద అంత బెంగెందుకే?"

గున్నమ్మకు స్కువా ఎత్తు అర్థమైంది. ఒక్క పరుగున నీళ్ళలో దూకింది. పెంకులతో సహా కడుపునిండా మింగి వచ్చి బిడ్డకు పెట్టింది. రెండు రోజులకు బిడ్డ లేచి నిలబడింది. ఆశగా వాలిన స్కువాను తల్లీబిడ్డలు పొడిచి తరిమారు. అది తోక ఈకలు పోగొట్టుకుని, ఖాళీ కడుపుతో ఎగిరిపోయింది.

గున్నమ్మ తన రాళ్ళ గూటిలోని అన్నిటికన్నా నున్నటి రాయిని తెచ్చి రాళ్ళవ్వ పాదాల దగ్గర పెట్టింది.

"అవ్వా, నా బిడ్డను నువ్వే బతికించావు."

"నేను మాటే చెప్పాను. పని చేసింది దాని పేగు, దాని ఎముక. వాటికి పెట్టు దండం."

గున్నమ్మ బిడ్డను పొట్ట కింద పొదువుకుంది. వెచ్చటి ఆ చిన్ని ఒంటికి నిండు మనసుతో తల వంచింది.

నీతి: పొగిడి చెప్పిన సగం నిజానికి బెదరకూడదు, అడగకుండానే మనల్ని కాపాడేవాటిని మరవకూడదు.