వంకరతుమ్మ కింద ఇద్దరు

ఎండలు ముదిరి చుట్టుపక్కల కుంటలన్నీ ఇంకిపోయాక, చెరువు గట్టు మీది తుమ్మతోపే ఆ ప్రాంతపు జంతువులకి దిక్కయింది. తోపులో ఉన్నంతసేపూ ఎవరూ ఎవరి జోలికీ పోకూడదని కట్టుబాటు. చిక్కల్లా నీడతోనే. వచ్చేవాళ్ళు ఎక్కువ, చెట్లు తక్కువ.

అందుకని నీడ పంచే పని ముసలి ఎద్దు చుక్కన్నకి అప్పగించారు. పొద్దున్నే ఎవరొచ్చి అడిగినా ఖాళీగా ఉన్న చెట్టొకటి చూపిస్తాడు. పొద్దుగూకితే ఆ చెట్టు మళ్ళీ తోపుది. మర్నాడు కావాలంటే మళ్ళీ అడగాలి. ఇక కబుర్లు మోసే చిలక చిట్టెమ్మకి చూపు సరిగా ఆనదు, మొహాలు పోల్చుకోలేదు. ఫలానా చెట్టుకి అని చెబితే చాలు, దాని మీద వాలి కింద ఎవరుంటే వాళ్ళకి చెప్పి ఎగిరిపోతుంది.

ఒక్క కొంగ వైద్యుడికి మాత్రం తొర్రచెట్టు ఎప్పటికీ ఖాయం. ముళ్ళు తీయడంలో ఆయన ముక్కుది అందె వేసిన చెయ్యి అని తోపంతా నవ్వుకునేది.

నక్క గురవయ్యకి ఇది కంటగింపుగా ఉండేది.

"చుక్కన్న మావా, కొంగకేమో చెట్టు శాశ్వతం చేశావు. నేను మాత్రం రోజూ నీ ముందు నిలబడి అడుక్కోవాలా?"

"నిన్ను వెతుక్కుంటూ ఎవరన్నా వస్తారట్రా?"

"ఎవరొస్తారు? నన్ను చూస్తేనే పారిపోతారు."

"మరి నువ్వు ఏ చెట్టు కింద ఉంటే ఎవరిక్కావాలి? ఇవాళ్టికి వంకరతుమ్మ ఖాళీ. పో."

వంకరతుమ్మ నీడ చిక్కన. కొమ్మలు నేల దాకా వాలి ఉంటాయి. పైగా అక్కణ్ణుంచి పుచ్చతోట కనిపిస్తుంది. పొద్దుగూకినా గురవయ్య కదల్లేదు. ముసలాడు వచ్చి చూస్తాడా ఏమిటి అనుకుని కొమ్మల చాటున ముడుచుకు పడుకున్నాడు. ఇకనుంచి నా ఇల్లు ఇదేనని తమ్ముడికి కూడా చెప్పి పంపాడు.

నిజమే, చుక్కన్న వచ్చి చూడలేదు. గడువు అయింది కాబట్టి ఖాళీ అయిందనుకుని, తెల్లారి ఆ చెట్టునే మేక పోలమ్మకి ఇచ్చాడు.

పోలమ్మ కొమ్మలు తప్పించుకుని లోపలికొచ్చి, నక్కని చూసి ఆగిపోయింది.

"ఇది నాకిచ్చారే, అన్నా."

"నాకూ ఇచ్చారు చెల్లెమ్మా. ఇంత చెట్టు కింద ఇద్దరం పట్టమా? నువ్వటు, నేనిటు. పెద్దాయన దగ్గరికెళ్ళి అడిగావనుకో, ఇద్దర్నీ ఎండలోకి తోలేస్తాడు."

పోలమ్మ మెత్తనిది. పిల్లని వాగు అవతల మందతో మేతకి వదిలి వచ్చింది. దాని కబురేదైనా ఈ చెట్టుకే రావాలి. కాబట్టి నోరు మూసుకుని అటువైపు కూర్చుంది.

ఎండ నెత్తికెక్కే వేళకి మంద నుంచి మనిషి, అదే, ఒక గొర్రె పరిగెత్తుకొచ్చింది. పోలమ్మ పిల్ల కాలికి ముల్లు దిగింది, వెంటనే రావాలి. చుక్కన్న చిట్టెమ్మని వంకరతుమ్మకి పంపాడు. చిట్టెమ్మ నక్క వైపు కొమ్మ మీద వాలి చెప్పింది. గుబురు కొమ్మల అవతలున్న పోలమ్మకి అది వినపడలేదు.

"విన్నాలే, పో" అని గురవయ్య అటు తిరిగి పడుకున్నాడు. ముల్లు దిగింది తన పిల్ల కాలికి కాదు కదా.

కాసేపటికి గురవయ్య తమ్ముడు పంపిన కబురుతో చిట్టెమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి పోలమ్మ వైపు వాలింది. "పుచ్చతోటకి కొత్తగా కాపలా కుక్కలొచ్చాయి, అటు పోవద్దు." ఇది నక్కకేనని పోలమ్మకి తెలుస్తూనే ఉంది. కానీ గుర్రు పెడుతున్న నక్కని తట్టి లేపే ధైర్యం ఆమెకి లేదు.

చల్లబడ్డాక గురవయ్య ఒళ్ళు విరుచుకుని పుచ్చతోట దారి పట్టాడు.

తల్లి ఎంతకీ రాకపోయేసరికి మందవాళ్ళే పిల్లని ఆనించి నడిపిస్తూ తొర్రచెట్టుకి తీసుకొచ్చారు. కొంగ వైద్యుడి ఇంటికి ఎవరినీ దారి అడగక్కర్లేదు. పిల్ల అరుపు విని పోలమ్మ పరిగెత్తింది, వెనకే చుక్కన్న.

"ఇంకాస్త ఆలస్యమైతే కాలు దక్కేది కాదు" అన్నాడు కొంగ, ముల్లు పక్కన ఉమ్మేస్తూ.

"కబురు పంపానే, పోలమ్మా!"

"నాకు చేరలేదు మావా. అక్కడ గురవయ్యన్న కూడా ఉన్నాడు..." అని ఆమె ఏడ్చేసింది.

చుక్కన్నకి సిగ్గేసింది. ఇచ్చే ముందు ఆ చెట్టు దగ్గరికెళ్ళి ఒక్క కేక వేసి ఉంటే ఎంత బాగుండేది.

ఇంతలో గురవయ్యే కుంటుకుంటూ వచ్చిపడ్డాడు. చెవి చిరిగింది, తొడ మీద కుక్క పళ్ళు.

"ఇంత నొప్పిలో కూడా నేరుగా ఇక్కడికే ఎలా వచ్చావురా?" అన్నాడు చుక్కన్న.

"అదేం ప్రశ్న మావా. కొంగ ఎప్పుడూ ఇక్కడే ఉంటాడుగా."

అన్నాక గురవయ్యకి తను ఏమన్నాడో అర్థమైంది. తల దించుకున్నాడు.

"కూర్చో. పిల్ల కాలికి కట్టు కట్టాక నీ సంగతి చూస్తా" అన్నాడు కొంగ.

మర్నాటి నుంచి చుక్కన్న ఏ చెట్టు ఇవ్వబోయినా ముందు దాని దగ్గరికెళ్ళి "ఎవరన్నా ఉన్నారా?" అని కేకేసి మరీ ఇచ్చేవాడు. చిరిగిన చెవితో గురవయ్య రోజూ పొద్దున్నే వచ్చి అడిగేవాడు.

కదలని చోటు మన గొప్ప కోసం కాదు, మనల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ కోసం. మిగతా ఏ చోటైనా అడిగి తీసుకుంటేనే మనది.