మూడో బేస్ దగ్గర ఎత్తిన చేతులు

తిప్పేస్వామి సార్‌ని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. నేలబారుగా వచ్చే బంతిని ఎలా పట్టాలి సార్ అని అడిగినవాడి చేత సాయంత్రమంతా మైదానంలో రాలిన వేపకాయలు ఏరించిన మనిషి ఆయన. ఏరి ఏరి వాడికి నడుము వంచడం అలవాటయ్యాక, "ఇప్పుడు అడుగప్పా" అనేవారు. అప్పటికి అడగడానికి ఏమీ మిగిలేది కాదు. అందుకని పిల్లలు ఆయన్ని ప్రశ్న అడగాలంటే ముందు ఒళ్ళు నొప్పులకు సిద్ధపడి అడిగేవారు.

అలాంటి సార్‌ని ఆయన దగ్గరే ఆట నేర్చుకున్న కుళ్ళాయప్ప ఒక ప్రశ్న అడగాలనుకుని, అడగలేక, ఏళ్ళ తరబడి కడుపులో దాచుకుని తిరిగాడు. అది వేపకాయలతో తీరే ప్రశ్న కాదని అతని భయం.

సార్ సంగతి కొంత చెబితే గానీ ఆ ప్రశ్న అర్థం కాదు. అనంతపురం వైపు ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీకి ఆయన పీడీగా, అంటే ఆటల మాస్టారుగా, వచ్చినప్పుడు మైదానం పేరుతో అక్కడున్నది సర్కారు తుమ్మ కంప. ఉన్న ఒక్క చదును నేలనూ క్రికెట్ కుర్రాళ్ళు ఎవరికీ వదిలేవారు కాదు. సార్ కంప కొట్టించి, ఎక్కడో శిక్షణ శిబిరంలో నేర్చుకొచ్చిన బేస్‌బాల్ మొదలుపెట్టారు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన పాత తోలు సంచులు విప్పి మొదటి గ్లౌజులు కుట్టిచ్చాడు. ఊరివాళ్ళు వచ్చి చూసి, "వికెట్లు యాడ సార్?" అని అడిగి, లేవని తెలుసుకుని, జాలిపడి వెళ్ళిపోయేవారు.

ఆ కాలేజీయే తర్వాత రాష్ట్రంలో ఏ కాలేజీ ఎదురుపడడానికైనా జంకే జట్టు అయింది. కప్పులు ప్రిన్సిపాల్ గది అల్మారాలో పట్టక బీరువా మీదికెక్కాయి, అక్కడా పట్టక కిటికీల్లోకి దిగాయి. సార్ దగ్గర ఆడినవాళ్ళలో ఒకరిద్దరు దేశం తరఫున ఆడారు. ఇంకెందరో రైల్వేలో, పోలీసులో ఉద్యోగాలు తెచ్చుకున్నారు. చుట్టుపక్కల ఏ హైస్కూలుకు వెళ్ళినా మెడలో ఈల వేసుకున్న మనిషి "మా సార్ బాగుండారా?" అని అడగకుండా వదిలేవాడు కాదు. ఉన్నది ఒక్కటే లోటు. దక్షిణాది కాలేజీలన్నీ కలిసి ఆడే పెద్ద కప్పు మాత్రం ఆ గదిలోకి రాలేదు. ఒకే ఒక్కసారి ఫైనల్ దాకా వెళ్ళి, ఒక్క పరుగు తేడాతో చేజారిపోయింది. స్కోరు సమం చేసే ఆ ఒక్క పరుగు కుళ్ళాయప్ప చెయ్యాల్సింది.

ఆట తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. బేస్‌బాల్‌లో బేసులనే మూడు మజిలీలు చుట్టి, బయల్దేరిన చోటికే తిరిగొస్తే పరుగు. ఆ చోటుని హోమ్ అంటారు. అక్కడ అవతలి జట్టు క్యాచర్ దారికి అడ్డంగా, తలకు ఇనుప ముసుగు వేసుకుని, బంతి అందుకుని అవుట్ చెయ్యడానికి కాచుకుని ఉంటాడు. పరిగెత్తేవాడికి బంతి వెనక ఎక్కడుందో కనబడదు. తిరిగి చూస్తే వేగం పోతుంది. అందుకని మూడో బేస్ పక్కన సున్నంతో ఒక గడి గీసి, అందులో కోచ్ నిలబడతాడు. పరిగెత్తేవాడు ఆయన్ని మాత్రమే చూడాలి. ఆయన చెయ్యి గిరగిరా తిప్పితే హోమ్‌కి పరిగెత్తడమే. రెండు అరచేతులూ పైకెత్తితే ఉన్నచోటే ఆగిపోవాలి.

మైసూరులో జరిగిన ఆ ఫైనల్లో కుళ్ళాయప్ప జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఆట అయిపోవచ్చింది, ఇంకొక్కరు అవుటైతే సరి. కుళ్ళాయప్ప రెండో బేస్ మీదున్నాడు. ఆ పూటే, అంతకు ముందు, అతను దుమ్ములో జారి బేస్ అందుకున్నప్పుడు చీలమండ మడతపడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే సార్ బయట కూర్చోబెడతారని, షూ లేసు బిగించి కట్టుకుని మామూలుగా తిరిగాడు. ఇంతలో మన కుర్రాడొకడు బంతిని గట్టిగా కొట్టాడు. అది ఫీల్డరు పక్కనుంచి జారి కంచెదాకా దొర్లింది. కుళ్ళాయప్ప పళ్ళు బిగబట్టి, కుంటు పైకి కనబడకుండా పరిగెత్తాడు. మూడో బేస్ దగ్గరికి వచ్చేసరికి సార్ రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి. ఆగిపోయాడు. ఆగి వెనక్కి చూస్తే బంతి ఇంకా కంచె దగ్గరే ఉంది. తర్వాత వచ్చినవాడు అవుటయ్యాడు, ఆట ముగిసింది, కుళ్ళాయప్ప మూడో బేస్ మీద నిలబడే ఉన్నాడు.

కుర్రాళ్ళు ఏడ్చారు. వెంట వచ్చిన లెక్చరర్లు సార్‌ని పట్టుకుని ఎందుకు ఆపారని కడిగేశారు. ఆయన టోపీ తీసి దుమ్ము దులుపుకుంటూ, "నా తప్పే. బంతిని సరిగ్గా చూడలేదు" అన్నారు. ఊరికి వచ్చాక టీ కొట్టు దగ్గర కూడా జనం అదే అడిగారు. ఆయన అదే చెప్పారు.

కుళ్ళాయప్ప మాత్రం ఆ మాట నమ్మలేదు. సార్ బంతిని చూడకపోవడమేమిటి? మైదానంలో గ్లౌజు మడిచి పడేసినా అటువైపు వీపు పెట్టి కనిపెట్టే మనిషి! నా కాళ్ళ మీద నమ్మకం లేక ఆపారు, అంతే, అనుకున్నాడు. ఇంట్లో జ్వరమని చెప్పి పడుకుని, వాళ్ళమ్మ చేత చీలమండకు చింతపండు పట్టు వేయించుకున్నాడు. వాపు తీశాక తర్వాతి నెలలో ఆటల మాస్టారు చదువైన బీపీఎడ్ సెలక్షన్లకు వెళ్ళి, అందరికంటే ముందు పరిగెత్తి సీటు తెచ్చుకున్నాడు. నా కాళ్ళేమిటో ఇప్పుడు చూడండి సార్ అని మనసులో అనుకున్నాడు. సార్ అతన్ని చూసి ఆ రోజు చాలా సంతోషించారు. ఆ సంతోషం కూడా అతనికి కొంచెం గుచ్చుకుంది.

చదువయ్యాక తిరిగి సార్ దగ్గరికే సహాయకుడిగా వచ్చాడు. కోపం ఉన్నచోటికే ఎందుకు వచ్చావంటే అతను చెప్పలేడు. సార్ ఇంట్లో రాగిసంకటి తినకుండా ఆదివారం గడవదు అతనికి, సార్ బండి పంక్చరైతే అతనే వేయించుకొస్తాడు, ఎవరైనా సార్‌ని ఒక్క మాటంటే కొట్టడానికి పోతాడు. కానీ మూడో బేస్ గడిలోకి దిగాడంటే మాత్రం అతను వేరే మనిషి. చేతులు పైకెత్తడమన్నది అతనికి లేదు. బంతి ఎక్కడున్నా, పరిగెత్తేవాడు ఎవడైనా, చెయ్యి గిరగిరా తిప్పడమే. పిల్లలకు అది తెగ నచ్చింది. అతనికి గిరగిర సార్ అని పేరు పెట్టుకున్నారు. ఆ తిప్పుడుతో ఎన్నో ఆటలు గెలిచారు కూడా. ఈ ఏడు ఓబులేసు అనే కుర్రాడు అలాగే పరిగెత్తి, క్యాచర్ మోకాలికి తగిలి, గడ్డం చీరుకుపోయి కుట్లు వేయించుకున్నాడు. సార్ వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి, తిరిగొచ్చి, కుళ్ళాయప్పతో ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని కుళ్ళాయప్పకు అనిపించింది.

ఆ నెలాఖరుకే సార్ రిటైరవుతున్నారు. తర్వాత జట్టు ఎవరి చేతికివ్వాలో ఆయనే చెప్పాలని ప్రిన్సిపాల్ ఆయనకే వదిలేశాడు. సార్ ఆ పేరు ఇంకా చెప్పలేదు. కుళ్ళాయప్పకు ఆ జట్టు తప్ప వేరే లోకం లేదు. తనకిస్తారో, ఓబులేసు గడ్డం చూసి వేరే ఎవరినైనా పిలిపిస్తారో తెలియక, తిన్న అన్నం ఒంటికి పట్టడం మానేసింది.

సన్మానానికి ముందురోజు స్టాఫ్ రూములో ప్రిన్సిపాల్ నవ్వుతూ, "ఆ రోజు మీరు చేతులెత్తకపోయుంటే రేపు సభలో ఆ కప్పు కూడా పెట్టుకునేవాళ్ళం స్వామిగారూ" అన్నాడు. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వి, "అవును సార్, నా తప్పే" అన్నారు. మూలన కూర్చున్న కుళ్ళాయప్ప టీ గ్లాసు వదిలేసి బయటికి వచ్చేశాడు.

సాయంత్రం సార్ మైదానంలో సున్నం పోస్తున్నారు. మిగతా గీతలు పిల్లలు గీసినా, మూడో బేస్ పక్క గడి మాత్రం ఆయనే గీసుకునేవారు. డబ్బా అడుక్కి మేకుతో బెజ్జాలు కొట్టి, దాన్ని తడుతూ, వంకర లేకుండా గీస్తారు. మోకాళ్ళు అరిగిపోయి వంగడం కష్టమవుతున్నా ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. కుళ్ళాయప్ప వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు."

"అడుగప్పా."

"ఆ పొద్దు నన్ను ఎందుకు నిలబెట్టినారు సార్? నా కాళ్ళ మీద మీకు నమ్మకం లేకనే కదా?"

సార్ తల ఎత్తి అతన్ని చూశారు. తర్వాత మిగిలిన గీత పూర్తి చేసి, డబ్బా కింద పెట్టి, "రేపు పాతోళ్ళకూ పిల్లోళ్ళకూ మ్యాచి ఉంది కదా. నేను పిల్లోళ్ళ పక్క పరిగెత్తుతా. నువ్వు ఈ గడిలో నిలబడు" అన్నారు.

మర్నాడు పొద్దున పాత ఆటగాళ్ళంతా వచ్చారు. పొట్టలు వచ్చాయి, జుట్లు పోయాయి, నోళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఆట చివరికొచ్చేసరికి పిల్లలు ఒక్క పరుగు వెనకబడ్డారు. ఒక్కరు అవుటైతే అయిపోతుంది. సార్ దీనికోసమే కాచుకున్నారో, దానంతట అదే కుదిరిందో గానీ, అప్పుడు లేచి ప్యాంటు మేజోళ్ళలోకి దోపుకుని, రెండో బేస్ మీద ఉన్న కుర్రాణ్ణి పక్కకు పిలిచి, వాడి బదులు తాను నిలబడ్డారు. మైదానమంతా ఈలలు. సన్మానానికి తెచ్చిన డప్పులవాళ్ళు ఇంకా వేళ కాకుండానే వాయించేశారు.

బ్యాట్ ఓబులేసు చేతిలో ఉంది. వచ్చిన బంతిని కుమ్మేశాడు. పట్టుకోవాల్సిన రైల్వే ఆయన వంగాడు గానీ, ఆయన పొట్ట వంగలేదు. బంతి కాళ్ళ మధ్యనుంచి పోయి సైకిల్ స్టాండులో దూరింది. "పరిగెత్తండి సార్!" అని పిల్లలంతా గొంతు చించుకున్నారు. సార్ బయల్దేరారు. నాలుగడుగులు బాగానే వేశారు. తర్వాత కుడి మోకాలు వెనకబడింది. మనిషి దాన్ని కనబడనివ్వకుండా, పెదాలు బిగబట్టి, ఇటు కుళ్ళాయప్ప కళ్ళల్లోకే చూస్తూ పరిగెత్తి వస్తున్నారు. హోమ్ దగ్గర క్యాచర్ దారికి అడ్డంగా సర్దుకుని నిలబడ్డాడు.

కుళ్ళాయప్ప చేతులు రెండూ పైకి లేచాయి. ఎత్తాలని అతను అనుకోలేదు. అన్నేళ్ళలో ఒక్కసారీ పైకి లేవని ఆ చేతులు వాటంతట అవే లేచాయి. సార్ మూడో బేస్ మీద రెండు కాళ్ళూ ఆనించి, బుద్ధిమంతుడైన కుర్రాడిలా ఆగిపోయారు. వెనక బంతి ఎక్కడుందో తిరిగి చూడలేదు కూడా. పాతవాళ్ళు సైకిళ్ళ కింద దూరి ఇంకా దాన్ని వెతుకుతూనే ఉన్నారు.

తర్వాత వచ్చినవాడు అవుటయ్యాడు. పిల్లలు ఓడిపోయి, కుళ్ళాయప్ప మీద పడ్డారు.

"ఎందుకు సార్ ఆపినారు? సార్ నడుచుకుంటా పోయినా పరుగు వచ్చుండు!" అని ఓబులేసు కుట్ల గడ్డం ఊపుకుంటూ అరిచాడు. "మీరు ఎవర్నీ ఆపరు కదా, ఈ పొద్దు ఏమైంది?"

సార్ పక్కనే నిలబడి ప్యాంటు దుమ్ము దులుపుకుంటున్నారు. ఇంకాసేపట్లో ఆయన మెడలో దండలు పడబోతున్నాయి. ఇంతమంది ముందు, ఆయన పెంచిన పిల్లల ముందు, సార్ మోకాలు సాగడం లేదురా అని ఎలా చెప్పడం? కుళ్ళాయప్ప నోట ఆలోచించకుండానే మాట బయటపడింది.

"నా తప్పేరా. బంతిని సరిగ్గా చూడలేదు."

పిల్లలు గోల చేసుకుంటూ సభ వైపు వెళ్ళిపోయారు. కుళ్ళాయప్ప మాత్రం ఆ సున్నం గడిలోంచి కదల్లేదు. తన నోటినుంచి వచ్చిన మాటను అంతకు ముందు ఎవరి నోట విన్నాడో అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాటతో సార్ ఎన్ని టీ కొట్ల దగ్గర తల వంచుకుని నిలబడ్డారో, తాను పక్కనుండి ఎన్నిసార్లు వింటూ ఊరుకున్నాడో ఒక్కొక్కటే తలుచుకుని సిగ్గుపడ్డాడు. ఆయన మీద ఇన్నేళ్ళు పెట్టుకున్న కోపమంతా ఒక్కసారి కన్నీళ్ళై వచ్చింది.

సార్ మెల్లగా నేలమీద కూర్చుని కాలు చాపారు. కుళ్ళాయప్ప వచ్చి పక్కన కూర్చుని, అడక్కుండానే ఆ మోకాలు ఒత్తడం మొదలుపెట్టాడు.

"బంతి యాడుండిందప్పా?" అని అడిగారు సార్.

"తెలీదు సార్. నేను బంతిని చూడలేదు."

"మల్ల దేన్ని చూస్తాంటివి?"

కుళ్ళాయప్ప ఆయన మోకాలు ఒత్తుతూ తల వంచుకున్నాడు. మైకులో ఎవరో సార్ పేరు పిలుస్తున్నారు. సార్ తొందరపడలేదు. పక్కనున్న సున్నం డబ్బాను అతని వైపు జరిపి, "రేపట్నుంచి ఈ గడి నువ్వే గీసుకోవాల" అన్నారు. తర్వాత అతని భుజం ఆసరాగా పట్టుకుని లేస్తూ, ఏదో నిన్నా మొన్నటి సంగతి కనుక్కుంటున్నట్టు అడిగారు.

"నా మోకాలికేం లేదులే గానీ, నీ చీలమండ నొప్పి తగ్గిందా అప్పా?"